గుండె పరీక్షకి దొరికిపోయిన పన్ను

దర్జీ కొట్టు ముందు నుంచి వెళ్ళేవాళ్ళు ఆయన లోపల ఉన్నాడో లేడో తొంగి చూడక్కర్లేదు. కుట్టుమిషను చప్పుడు వినపడితే పనిలో ఉన్నట్టు. క్లారినెట్టు వినపడితే పని ఉండి కూడా చెయ్యనట్టు. రెండూ వినపడకపోతే టీకి వెళ్ళినట్టు. అంత తెరిచిన తలుపు లాంటి మనిషి ఆయన. జీవితం మొత్తం మీద ఆయన ఒక్కటంటే ఒక్క సంగతి దాచాడు. దాచడం ఎంత చేతకాదో అప్పుడే తెలిసొచ్చింది.

కొట్టు మరీ ఇరుకు. ఒక పక్క మిషను, ఎదురుగా నిలువుటద్దం, మూలన బట్టలు మార్చుకోవడానికి ఒక తెర. పై అరలో ఎవరో కుట్టించుకుని తీసుకెళ్ళడం మర్చిపోయిన ప్యాంట్లు, వాటి మధ్య నల్ల పెట్టెలో క్లారినెట్టు. గుమ్మం పక్కన పొట్టి స్టూలు మీద ఆయన భార్య. కాజాలు, గుండీలు, హెమ్మింగు అన్నీ ఆవిడ చేతి మీదే. పని చేసేటప్పుడు గుండుసూదులు పెదవుల మధ్య పట్టుకోవడం ఆవిడ అలవాటు. నోట్లో సూదులు లేనప్పుడు మాటలతో కసురుతుంది, ఉన్నప్పుడు కళ్ళతో కసురుతుంది. పెళ్ళయిన కొత్తలో ఈ పీపీలేంట్రా భగవంతుడా అనుకుందట గానీ, తర్వాత తర్వాత ఒక పూట క్లారినెట్టు వినపడకపోతే ఆవిడకే ఏమీ తోచేది కాదు.

ఇక దర్జీల మాటల సంగతి మీకు తెలిసిందే. "కాజాలు ఒక్కటే మిగిలాయండీ" అన్నాడంటే ఇంకా గుడ్డ కత్తిరించనే లేదని అర్థం. "సాయంత్రం రండి" అంటే ఏ సాయంత్రమో చెప్పలేదు కదా అని ధీమా. మన దర్జీ ఈ మాటలు ఎంత తియ్యగా చెప్పేవాడంటే, తిట్టిపోదామని వచ్చినవాళ్ళు కూడా ఇంకో చొక్కాకి కొలతలిచ్చి వెళ్ళేవారు. ఆ నేర్పే చివరికి ఆయన కొంప ముంచబోయింది.

క్లారినెట్టు పిచ్చి ఆయనకి పని నేర్చుకునే రోజుల్లో పట్టుకుంది. ఊరి బ్యాండుకి కొత్త యూనిఫారాలు కుట్టే పని వస్తే, కొలతలు తీసుకురమ్మని యజమాని ఈయన్ని పంపాడు. బ్యాండు హాల్లో క్లారినెట్టు మాస్టారు వాయిస్తుంటే విని, మెళ్ళో టేపు వేసుకుని అలా నిలబడిపోయాడు. ఆ రోజు తీసిన కొలతలన్నీ తప్పే. బ్యాండు బ్యాండంతా పొట్టి చేతుల కోట్లతో ఏడాది తిరిగింది. అయినా మాస్టారు కోప్పడలేదు. రోజూ వచ్చి తలుపు పట్టుకుని నిలబడేవాణ్ణి లోపలికి పిలిచాడు. గడ్డం పట్టుకుని, పై పెదవి ఎత్తి, సంతలో ఎద్దుని చూసినట్టు పళ్ళు చూశాడు.

"ఈ పై రెండు పళ్ళూ ఉన్నన్నాళ్ళే నువ్వు క్లారినెట్టువి. పదిలంగా చూసుకో" అన్నాడు.

ఆ బ్యాండులో అందరూ నమ్మేది అదే. క్లారినెట్టు నోట్లో పెట్టుకున్నప్పుడు కింద పెదవి మెత్తగా మడిచి రీడు అనే పల్చటి బద్ద కింద ఆనించాలి, పైన ముందు పళ్ళు క్లారినెట్టు మూతి మీద గట్టిగా ఆనాలి. ఆ పట్టు జారితే స్వరం జారుతుంది. అంచేత పళ్ళు పోయినవాళ్ళు వెనక వరసకి వెళ్ళాలి. ఎవరూ ఏమీ అనరు, ఎవరి మనసూ నొప్పించరు. ఒక రోజు ప్రాక్టీసుకి వచ్చేసరికి ముందు వరసలో ఆయన కుర్చీ ఉండదు. వెనక తాళాల దగ్గరో డ్రమ్ముల దగ్గరో ఉంటుంది. తాళాలు వాయించే పెద్దాయన ఒకప్పుడు కార్నెట్టు బాకా. ముక్కోణం గంట కొట్టే ఆయన ఒకప్పుడు ఫ్లూటు. ఆ వెనక వరసలో అందరి పళ్ళూ కలిపినా ఒక నోటికి సరిపోవు.

పెద్ద డ్రమ్ము కొట్టేవాణ్ణి అందరూ ఢంఢం అనేవారు. ఎదురు వీధిలో ఫొటో స్టూడియో వాడిదే. దర్జీకి ప్రాణ స్నేహితుడు. వయసులో ఉన్నప్పుడు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని క్లారినెట్టు వాయించినవాళ్ళే, నిజం చెప్పాలంటే ఇద్దరిలో ఢంఢమే ఒక మెట్టు పైన. వాడి పళ్ళు ముందే పోయాయి. కట్టుడు పళ్ళు పెట్టించుకుని పట్టు వదలకుండా వాయించాడు. ఒక ఊరేగింపులో పై స్వరం అందుకోబోతే పై పళ్ళ సెట్టు ఊడి క్లారినెట్టుని కరుచుకుని ఉండిపోయింది. వీధి వీధంతా పడీ పడీ నవ్వింది. వాడూ నవ్వాడు. మర్నాటి నుంచి పెద్ద డ్రమ్ము.

ఇలా ఉండగా దర్జీకి ఒకేసారి రెండు కబుర్లు వచ్చాయి. ఒకటి మంచిది. ఏటా పార్కులో జరిగే పెద్ద కచేరీకి ఇప్పటి బ్యాండు మాస్టారు కొత్త పాట కట్టాడు. మొదట్లో బ్యాండంతా నోరు మూసుకుని కూర్చుంటే ఒక్క క్లారినెట్టే చాలాసేపు నెమ్మదిగా పాడాలి. ఆ భాగం దర్జీకి ఇచ్చాడు. అన్నేళ్ళ నుంచి గుంపులో గోవిందా అని వాయిస్తున్న మనిషికి మొట్టమొదటిసారి ఒంటరిగా వాయించే భాగం వచ్చింది. ఆయన ఆ పూట ఎవరి చొక్కాకో మూడు చేతులు కత్తిరించేశాడు.

రెండో కబురు అన్నయ్య దగ్గర్నుంచి. అన్నయ్యకి గుండెపోటు వచ్చింది. ఆయనది తూకం వేసినట్టు తినే నోరు, రోజూ నడిచే కాళ్ళు. కొలెస్ట్రాల్ ఎప్పుడు చూపించుకున్నా హద్దులోనే ఉండేది, ఆ మాట పదిమందికీ గొప్పగా చెప్పుకునేవాడు కూడా. అలాంటివాడికి వచ్చింది. స్టెంటు వేసి ఇంటికి పంపారు, బాగానే ఉన్నాడు. ఇంకాస్త లోతుగా రక్తం పరీక్ష చేస్తే ఎల్పీ-ఏ అనే ఒక రకం కొవ్వు బాగా ఎక్కువగా ఉందని తేలింది. అది పుట్టుకతో వచ్చేదట, తోడబుట్టినవాళ్ళు కూడా ఒకసారి చూపించుకుంటే మంచిదన్నారట. "నాన్న నా పేర ఏమీ రాయలేదనుకున్నా రా, ఇది రాశాడు. నీ వాటా ఏమైనా ఉందేమో చూసుకో" అని అన్నయ్య ఫోన్లో నవ్వాడు.

దర్జీ వాయిదా వేసేవాడే. కానీ ఇంట్లో కూతురు ఉంది. ఆ అమ్మాయిది బస్సు డిపోలో బస్సుల్ని టైముకి పంపే ఉద్యోగం. ఆలస్యం అంటే ఒళ్ళు మండుతుంది. బస్సుని గెంటినట్టే నాన్నని కూడా తెల్లవారగానే ల్యాబుకి గెంటింది. ఆయన మాత్రం వెళ్ళడానికి జంకింది గుండె గురించి కాదు. పన్ను గురించి.

ఎప్పుడో మిషను మూత తగిలి చిట్లిన పై పన్ను అది, ముందు రెండింట్లో ఎడమది. కొన్నాళ్ళుగా వేలితో తాకితే కదులుతోంది. చిగురు వాస్తుంది, తగ్గుతుంది, మళ్ళీ వాస్తుంది. ఆయన బుగ్గన లవంగం పెట్టుకుని తిరిగేవాడు. అడిగితే నోరు సువాసనగా ఉండాలి కదా అనేవాడు. ఈ సంగతి తెలిసింది ఢంఢం ఒక్కడికే. స్టూడియోలో ఫొటోల స్టూలు మీద కూర్చోబెట్టి, దీపాలన్నీ వేసి, నోరు తెరిపించి చూశాడు. చూసి దీపాలు ఒక్కొక్కటీ ఆర్పేశాడు. డాక్టరుకి చూపిస్తే పీకేస్తారు, కచేరీ అయ్యేదాకా ఎవరి దగ్గరా నోరు తెరవకు అన్నాడు. దర్జీకి ఆ సలహా మహా బాగా నచ్చింది.

రిపోర్టులు వచ్చాక దర్జీ, భార్య, కూతురు ముగ్గురూ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు. ఆవిడ నిదానస్తురాలు, చిన్నపిల్లలకి చెప్పినట్టు విడమరిచి చెబుతుంది. మామూలు కొలెస్ట్రాల్ పరీక్ష ఒంట్లో కొవ్వు సరుకు ఎంతుందో చెబుతుంది గానీ, ఆ సరుకు మోసుకుని రక్తనాళాల్లో తిరిగే బళ్ళు ఎన్నున్నాయో చెప్పదట. అంతే సరుకు కొందరిలో తక్కువ బళ్ళలో వెళ్తుంది, కొందరిలో బోలెడన్ని చిన్న బళ్ళలో వెళ్తుంది. గోడల్ని పాడుచేసేది ఆ బళ్ళే కనక వాటిని లెక్కపెట్టే పరీక్ష ఏపో-బి. అది మీకు బాగుంది అంది. అన్నయ్యకి ఎక్కువగా ఉన్న ఎల్పీ-ఏ మీకు చాలా తక్కువ, జీవితంలో ఒకసారి చూసుకుంటే చాలు, ఇక దాని గురించి మర్చిపోండి అంది. భార్య కళ్ళు మూసుకుని ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. కూతురు అప్పుడే పెదనాన్నకి మెసేజి పెట్టేస్తోంది.

"ఇదొక్కటే నాకు అర్థం కావట్లేదు" అంది డాక్టరమ్మ, ఆఖరి కాగితం మీద వేలు పెట్టి.

అది సీఆర్పీ. ఒంట్లో ఎక్కడైనా నిప్పు రాజుకుంటే పైకి లేచే పొగ లాంటిదట. కొంచెం ఎక్కువుంటే రక్తనాళాల్లో వాపు ఉందేమో, గుండెకి ముప్పేమో అని ఆలోచిస్తారు. మరీ ఇంత ఎక్కువుంటే గుండె కన్నా ముందు వేరే ఎక్కడైనా ఇన్‌ఫెక్షన్ ఉందేమో వెతుకుతారు. నిప్పు ఎక్కడుందో పరీక్ష చెప్పదు, మనిషే చెప్పాలి. జ్వరం వచ్చిందా, దెబ్బలేమైనా తగిలాయా, కీళ్ళు వాచాయా అని వరసగా అడిగింది. పంటి నొప్పి, చిగుళ్ళ వాపు ఏమైనా ఉన్నాయా అని కూడా అడిగింది.

దర్జీ బుగ్గన లవంగం నాలుక కిందకి తోసేశాడు. "అబ్బే, అలాంటివేం లేవండీ" అన్నాడు. కాజాలు ఒక్కటే మిగిలాయండీ అనే గొంతు అది. ఆ గొంతు కొట్టులో ఎంతమందిని నమ్మించిందో ఇక్కడా అంతే నమ్మించింది. కొన్ని వారాలాగి మళ్ళీ చేయిద్దాం అంది డాక్టరమ్మ.

మళ్ళీ చేయించారు. మళ్ళీ ఎక్కువే వచ్చింది. ఇన్‌ఫెక్షన్ ఏమీ లేదని మీరంటున్నారు, అన్నయ్యకి చూస్తే గుండెపోటు వచ్చింది, దీన్ని ఇలా వదిలెయ్యలేను అంది ఆవిడ. గుండెకి స్కాను, ట్రెడ్‌మిల్లు పరీక్ష రాసింది. కూతురు ఊరుకోకుండా క్లారినెట్టు ఊదొచ్చా అని అడిగింది. ఆ పరీక్షలు అయ్యేదాకా ఊపిరి బిగబట్టి చేసే పనులు ఆపితే మంచిదే అంది డాక్టరమ్మ. పన్ను చెబితే పన్ను పోయి పాట పోతుందని దాచాడు, దాచినందుకు ఇప్పుడు గుండె పేరు చెప్పి పాట పోయింది. తను తవ్విన గోతిలో తనే పడ్డానని దర్జీకి అక్కడే తెలిసింది. తెలిసినా నోరు మెదపలేదు.

ఆ సాయంత్రమే క్లారినెట్టు కొట్టులోంచి ఇంటికొచ్చి బీరువాలో పడింది. తాళం కూతురి దగ్గర. వంటింట్లోంచి నూనె మాయమైంది, ఉప్పు సగమైంది. తెల్లవారకముందే కూతురు ఆయన్ని లేపి నడిపించేది, పక్కన తనూ నడుస్తూ "ఇంకాస్త స్పీడు నాన్నా" అనేది. ఇంటికి ఎవరొచ్చినా ఆయన్ని గాజు సామాను చూసినట్టు చూసేవారు. ఆయన మాత్రం రహస్యంగా స్టూడియోకి వెళ్ళి ఢంఢంతో గోడు చెప్పుకునేవాడు. స్కాను చెయ్యనీ, గుండె బాగుందని వాళ్ళే చెబుతారు, అప్పుడు పెట్టె బయటికొస్తుంది, అప్పటిదాకా బిగబట్టుకో అని ఢంఢం సర్దిచెప్పేవాడు. దర్జీ సరేనని తలూపేవాడు. పన్ను మాత్రం సరే అనలేదు. అది ఇంకా వదులైంది.

ఒక మధ్యాహ్నం ఆయన టీ తాగి వచ్చేసరికి కొట్టులో భార్య నేల మీద కూర్చుని ఉంది. చేతిలో ఆయన పెద్ద కత్తెర. ఆ కత్తెర ఆవిడ ఎప్పుడూ ముట్టుకున్నది కాదు, కత్తిరింపు ఆయన పని. చుట్టూ పాత పేపర్లు. వాటి మీద సుద్దతో గీతలు. ఆవిడ ముందు పేపరుతో కత్తిరించిన ప్యాంటు ఒకటి పరిచి ఉంది, ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. గోడ వారగా ఇంకా బోలెడు పేపరు ప్యాంట్లు మడిచి పెట్టి ఉన్నాయి. అంటే ఇది ఇవాళ్టి పని కాదు. ఆయన టీకి వెళ్ళినప్పుడల్లా సాగుతోందన్నమాట.

ఏమిటిది అని అడిగాడు. "ఊరికే. నేర్చుకుందామని" అంది ఆవిడ, తల ఎత్తకుండా.

దర్జీకి ఆవిడ ఎందుకు నేర్చుకుంటోందో అర్థం కావడానికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆయన లేని రోజున కొట్టు నడవాలి కదా. ఆవిడ ఏడవలేదు, ఎవరితోనూ అనలేదు, కత్తెర పట్టుకుని కూర్చుంది. ఆయనకి తన మీద తనకే అసహ్యమేసింది. పొట్టి స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"నా గుండె బాగానే ఉంది" అన్నాడు. "పొగంతా ఇక్కణ్ణించి" అని పై పెదవి ఎత్తి చూపించాడు.

ఆవిడ కత్తెర పక్కన పెట్టి దగ్గరికి జరిగింది. వేలితో పన్ను తాకింది, అది ఊగింది. వాచిన చిగురు చూసింది. ఆయన గుక్క తిప్పుకోకుండా అంతా కక్కేశాడు, లవంగం సంగతి, ఢంఢం దీపాల సంగతి, డాక్టరమ్మతో చెప్పిన అబద్ధం, వెనక వరస కుర్చీ, అన్నీ. అప్పుడు ఆవిడ కూడా ఒకటి చెప్పింది. కొన్నాళ్ళుగా ఆయన దారం పళ్ళతో కొరకడం మానేసి కత్తెరతో తెంపుతున్నాడని ఆవిడ ఎప్పుడో గమనించింది. దవడ తడుముకోవడమూ చూసింది. గుండె నొప్పి ఒక్కోసారి దవడకి పాకుతుందని ఎవరో చెప్పగా విని, అదేనని ఖాయం చేసుకుంది. కూతురు హడలిపోతుందని ఆ మాట కడుపులో పెట్టుకుని తిరిగింది.

"మీరు వెనక వరసలో కూర్చోవాల్సి వస్తుందని భయపడ్డారు" అంది. "నేను మీరు ఏ వరసలోనూ ఉండరేమోనని భయపడ్డాను."

దర్జీ తల దించుకున్నాడు. ఆవిడ పక్కనున్న పేపరు ప్యాంటు తీసుకుని ఆయన నెత్తి మీద ఒకటి వేసింది. అది చిరిగింది. ఇంకోటి తీసుకుని మళ్ళీ వేసింది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, నవ్వి నవ్వి కళ్ళ నీళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. చొక్కా కోసం గుమ్మం దాకా వచ్చిన ఒకాయన, నేల మీద పేపర్ల మధ్య కూర్చుని ఏడ్చి నవ్వుతున్న మొగుడూ పెళ్ళాల్ని చూసి, సాయంత్రం వస్తానని తనే చెప్పి వెళ్ళిపోయాడు.

కూతురు మాత్రం ఒంటి కాలి మీద లేచింది. నాన్న వల్ల తను డిపోలో బస్సులు కూడా తప్పుగా పంపిందట. డాక్టరమ్మ అయితే నేను అడిగినప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నారు అని నిలదీసింది, లవంగం అని ఆయన నిజమే చెప్పాడు. చిగుళ్ళ జబ్బు దాచుకుంటే దాచుకున్నన్నాళ్ళూ గుండెకి కూడా మంచిది కాదని గట్టిగా కేకలేసింది. పళ్ళ డాక్టరు చూసి, వేరు నిలువునా చీలిపోయింది, లోపల చీము ఎముకని కూడా తినేసింది, నిలబెట్టడం కుదరదు అన్నాడు. ఎముక పూడ్చుకున్నాక కొత్త పన్ను కట్టొచ్చు గానీ దానికి చాలా నెలలు పడుతుందన్నాడు. పన్ను పీకడానికి పట్టింది కాసేపే. దర్జీ దాన్ని జేబురుమాల్లో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.

పుండు మానాక మళ్ళీ రక్త పరీక్ష చేయించారు. పొగ లేదు. సీఆర్పీ అడుగుకి దిగిపోయింది. స్కాను అక్కర్లేదు, రోజూ నడక మాత్రం మానకండి అంది డాక్టరమ్మ. ఆ రోజు ఇంట్లో పండగే అనుకోండి. వంటింట్లోకి నూనె తిరిగొచ్చింది. అన్నయ్య ఫోన్ చేసి నా వాటా నాకే ఉంచావు కదరా అని వేళాకోళమాడాడు. కూతురు బీరువా తాళం తీసి పెట్టె నాన్న ఒళ్ళో పెట్టింది. ఆయన పెట్టె తెరిచి, క్లారినెట్టు తుడిచి, మళ్ళీ మూసేశాడు. కచేరీ దగ్గర పడుతోంది. రేపు వెళ్ళి మాస్టారుతో చెప్పేసి వెనక వరసలో తాళాలు తీసుకుంటానన్నాడు. ఆ మాట మామూలుగానే అన్నాడు గానీ గొంతు వినలేక భార్య అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు పెట్టెని కొట్టుకి తెచ్చి మళ్ళీ పై అరలో పెట్టేసి, పనేమీ తోచక ఆయన భార్య వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ కోటు అంచు హెమ్మింగు చేస్తోంది. పెదవుల మధ్య సూదులు. పై పెదవీ కింద పెదవీ రెండూ లోపలికి మడిచి, పళ్ళు తగలకుండా, ఉత్త పెదవులతో పట్టుకుంది. ఆ సూదులు ఆవిడ తల తిప్పినా జారవు, ఆయన్ని కసిరినా జారవు. దర్జీ అలా చూస్తూ చూస్తూ లేచి పెట్టె దించాడు. క్లారినెట్టు మూతి నోట్లో పెట్టుకుని, కింద పెదవి మడిచినట్టే పై పెదవి కూడా పళ్ళ మీదికి మడిచాడు. ఊదాడు. తొక్కిన బాతు అరిచినట్టు అరిచింది. మళ్ళీ ఊదాడు. పెదవి మండింది. ఇంకోసారి ఊదితే స్వరం వచ్చింది.

అది ఆయనకి తెలిసిన స్వరం కాదు. పళ్ళ మీద వాయించినప్పుడు కాస్త కరుకుగా ఉండేది, ఇప్పుడు మెత్తగా, గుండ్రంగా ఉంది. భార్య నోట్లోంచి సూదులు తీసి చేతిలో పెట్టుకుంది. మళ్ళీ వాయించండి అంది. ఆ రోజు నుంచి ఆయన పెదవులు వాచిపోయేదాకా సాధన చేశాడు. పై పెదవికి వెన్న రాసుకునేవాడు, కాసేపు ఆగేవాడు, మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఎవరికీ చొక్కాలు అందలేదు. బ్యాండు హాల్లో వాయించి చూపిస్తే మాస్టారు కళ్ళు మూసుకుని విని, మొదట్నుంచి ఇంకోసారి అన్నాడు. ముందు వరసలో కుర్చీ కదల్లేదు.

ఒక్క ఢంఢం మాత్రం ఎందుకో ముడుచుకుపోయాడు. ప్రాక్టీసు అవగానే డ్రమ్ముకి గుడ్డ కప్పి మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. టీకి పిలిస్తే పనుందనేవాడు. అసూయేమోనని దర్జీ మనసు చివుక్కుమంది, తన సంతోషం వాడికి గుచ్చుకుంటోందేమోనని బాధపడ్డాడు కూడా.

కచేరీ సాయంత్రం పార్కంతా జనం. ముందు కుర్చీల్లో భార్య, కూతురు, స్టెంటు వేయించుకున్న అన్నయ్య. మాస్టారు చెయ్యెత్తాడు. బ్యాండంతా ఊరుకుంది. దర్జీ పెదవులు మడిచి మొదలుపెట్టాడు. పాట నెమ్మదిగా లేచి చెట్ల మధ్య నుంచి పార్కు చివరిదాకా వెళ్ళింది. పిల్లలు ఉయ్యాలలు ఆపేశారు. భార్యకి ఆ పాట ఇంట్లో విని విని నోటికొచ్చేసిందే, అయినా మొదటిసారి విన్నట్టు నోరు తెరుచుకుని వింది. ఆఖరి స్వరం దగ్గర పెద్ద డ్రమ్ము ఒక్క దెబ్బ కొట్టాలి, దాంతో బ్యాండంతా అందుకోవాలి. ఆ దెబ్బ పడలేదు. దర్జీ స్వరం పట్టుకుని ఊపిరి ఉన్నంతసేపూ సాగదీశాడు. మాస్టారు వెనక్కి చూశాడు, అందరూ చూశారు. ఢంఢం కర్ర గాల్లో పట్టుకుని దర్జీనే చూస్తూ ఉండిపోయాడు. పక్కనున్న తాళాలాయన మోచేత్తో పొడిస్తే అప్పుడు కొట్టాడు. చప్పట్లు మాత్రం జనం ఆ సాగదీసిన స్వరానికే ఎక్కువ కొట్టారు.

కచేరీ అయిపోయి జనం లేస్తుండగా ఢంఢం వెనక వరసలోంచి లేచి ముందుకొచ్చాడు. దర్జీ ఎదురుగా నిలబడి, నోట్లోంచి పై పళ్ళ సెట్టు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. చెయ్యి చాపాడు. దర్జీ మారు మాట్లాడకుండా క్లారినెట్టు తుడిచి ఆ చేతిలో పెట్టాడు. ఢంఢం రెండు పెదవులూ లోపలికి మడిచి ఊదాడు. బాతు అరిచింది. లేచి వెళ్తున్నవాళ్ళు వెనక్కి తిరిగారు. ఊరేగింపు నాడు ఏ మూతి చూసి వీధంతా నవ్విందో అదే మూతి, కానీ ఈసారి ఎవరూ నవ్వలేదు. మళ్ళీ ఊదాడు. ఒక స్వరం వచ్చింది, వణికింది, నిలబడింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది. వాడి కళ్ళల్లోంచి నీళ్ళు బుగ్గల మీదికి కారుతున్నా ఆపలేదు. ఇంతకాలం అనవసరంగా డ్రమ్ము వెనక కూర్చున్నాడన్న సంగతి బ్యాండంతటికీ ఒక్కసారే తెలిసింది. తాళాలాయన తన తాళాలు మెల్లిగా నేల మీద పెట్టాడు. ముక్కోణం గంటాయన ఫ్లూటు ఎవరి దగ్గరుందని చుట్టూ చూశాడు.

మాస్టారు వెనక వరస వైపు చూసి బెంబేలెత్తిపోయాడు. "మీరంతా ముందుకొచ్చేస్తే డ్రమ్ము ఎవరు కొడతారయ్యా?" అన్నాడు.

ఢంఢం క్లారినెట్టు నోట్లోంచి తీసి, బోసి నోటితో నవ్వాడు.

"పళ్ళున్నవాళ్ళని కొట్టమనండి."